పంగు చేప

మా ఊరి చేపల మ్యూజియం అంటే ఒక్క గది. ఒకప్పుడు పాల సొసైటీ ఉండేది అందులో. ఇప్పటికీ వానపడి తలుపులు మూసి ఉంచితే గోడల్లోంచి పులిసిన పాల వాసన వస్తుంది. ఆండిపట్టి నుంచి వచ్చే బస్సు మలుపులో ఆగినప్పుడు, దిగినవాళ్ళకు మొదట కనిపించేది మా బోర్డే. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వస్తువుల కింద అట్టముక్కల మీద వివరాలు రాసిందీ నేనే. పైన తమిళం, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. ఆ తెలుగు వరస చదవగలిగినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. ఇళ్ళలో అందరం మాట్లాడుకునేది తెలుగే అయినా, ఊరు తమిళనాడులో ఉంది కాబట్టి బళ్ళో నేర్చింది తమిళం. రైల్వే పార్సెల్ ఆఫీసు ఉద్యోగంలో కొన్నేళ్ళు గూడూరులో ఉండబట్టి నాకు ఆ అక్షరాలు పట్టుబడ్డాయి. అప్పటినుంచి డైరీ కూడా తెలుగులోనే రాస్తున్నాను.

గదిలో అన్నిటికంటే అందమైనది మా అక్క ఇచ్చిన ఊత్తా. వెదురు బద్దలతో అల్లిన అడుగులేని గంప అది. కింద వెడల్పు, పైన చెయ్యి దూరేంత మూతి. మోకాటిలోతు నీళ్ళలో నడుస్తూ, చేప కదిలిందనిపించిన చోట దాన్ని టపామని దించాలి. లోపల చేప కొట్టుకుంటే బద్దలు అదురుతాయి. అప్పుడు పై మూతిలోంచి చెయ్యి పెట్టి పట్టుకోవాలి. చాలా ఏళ్ళుగా అక్క దాన్ని పెరట్లో కోడిపిల్లల మీద బోర్లిస్తూ వచ్చింది. నేను అడిగితే కడిగి ఇచ్చింది కానీ ఊరికే ఇవ్వలేదు.

"కన్మాయి ఎండి మళ్ళా చేపలు పట్టే రోజొస్తే ఇది నాకియ్యాల. గోడ మీద ఉండాది, ఇయ్యను అంటే నీ తాళం పగలగొడతాను, చూడు" అంది.

సరేనన్నాను. ఆ రోజు వస్తుందని నేను అనుకోలేదు.

కన్మాయి మా ఊరి సాగునీటి చెరువు. ఎండాకాలం చివర, వైకాసి నెలలో, నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగాక ఒక పొద్దున ఊరంతా గట్టు మీద చేరుతుంది. ఊరి పెద్ద గట్టెక్కి తెల్ల తువ్వాలు ఊపుతాడు. అది ఊపేదాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఊపాక ఆడ, మగ, ముసలి, పిల్ల అందరూ ఒక్కసారే దిగుతారు. ఆ రోజు చేపను అమ్మకూడదు, కొనకూడదు. మోపెడ్ మీద చేపలమ్మే మనిషి ఊరి పొలిమేర దాకా వచ్చి, సంగతి తెలిసి, వెనక్కి తిప్పుకుని పోయేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్ళు కన్మాయిలో దిగకూడదు. వాళ్ళకు తక్కినవాళ్ళు చేప పంపాలి. దాన్ని పంగు అంటాం. అది పంపాకే మన ఇంట్లో పొయ్యి మీద చట్టి పెట్టాలి. చావు జరిగిన ఇంటికి మొదటి పంగు ఆ వంశంలో పెద్దింటి నుంచి వెళ్ళాలి.

ఇవన్నీ నా డైరీల్లో వివరంగా ఉన్నాయి. ఎవరికి ఏ చేప దొరికింది, ఎవరు బురదలో పడ్డారు, ఎవరి ఊత్తా విరిగింది, అన్నీ రాసుకున్నాను. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చుని రాశాను. ఒక్కసారి కూడా దిగలేదు. సెలవుకు వచ్చినవాణ్ణి, ప్యాంటు తడుస్తుందని మొదట్లో అనుకున్నాను. తర్వాత అదే అలవాటైపోయింది.

కన్మాయిలో చివరిసారి చేపలు పట్టిన ఏడు అక్కకు ఒక్కటే చేప దొరికింది. అంతకు నెల ముందు అక్క మరిది చనిపోయాడు. ఆయన భార్యను, అంటే అక్క తోటికోడల్ని, ఊళ్ళో అందరూ చిన్నకోడలు అంటారు. ఇప్పుడామెకూ డెబ్బై దాటాయి, అయినా ఆ పేరు పోలేదు. వాళ్ళిల్లు అక్క ఇంటికి ఎదురుగానే ఉంటుంది, వంశంలో పెద్దిల్లు అక్కదే. ఆ రోజు మేట్టుపాళయం నుంచి అక్క కూతురు పిల్లలతో వచ్చింది. ఉన్నది ఒక్క చేప. తక్కిన ఇళ్ళవాళ్ళు ఎలాగూ పంపుతారు కదా అని అక్క దాన్ని పిల్లలకు వండింది. పెద్దింటి నుంచి వెళ్ళకుండా తాము ముందు ఎలా పంపుతామని తక్కినవాళ్ళు ఊరుకున్నారు. చివరికి ఎవరూ పంపలేదు. ఊరంతా కొళంబు, అంటే చేపల పులుసు, వాసన వేస్తుంటే చిన్నకోడలు మిరియాల చారు పోసుకుని అన్నం తింది.

ఆమె వచ్చి తగవు పెట్టుకోలేదు. మర్నాటి నుంచి అక్క ఇంటి గడప తొక్కడం మానేసింది, అంతే. ఆ తర్వాత వరసగా వానలు సరిగ్గా పడలేదు. పడిన ఏడు కన్మాయి చేపలను గుత్తకు పాడుకున్నవాళ్ళు వలలేసి ఊడ్చుకుపోయారు. చేపలు పట్టే రోజే లేకుండా పోయింది. పంగు ఇవ్వడానికి అక్కకు మళ్ళీ వీలు దొరకలేదు. మార్కెట్లో కొని పంపితే అది పంగు కాదు.

అక్కకు ఎనభై దగ్గర పడ్డాయి, మోకాళ్ళు అరిగాయి. "నేను పొయ్యేలోపల ఆమెకు ఒక చేప ఇయ్యాల్రా" అని నాతో ఎన్నోసార్లు అంది. నేను విన్నాను. విని ఆ కట్టుబాటు గురించి మ్యూజియంలో ఒక అట్టముక్క రాశాను.

పోయిన వైకాసిలో మ్యూజియం తెరిచాం. ఊరి పెద్ద నాకు వరసకు బావ అవుతాడు. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. మదురై నుంచి ఒక అధికారి, కొందరు కాలేజీ పిల్లలు వస్తామన్నారు. ఆహ్వానపత్రిక నేనే తయారుచేశాను. కార్యక్రమం వరసలో ప్రార్థన, దీపం వెలిగించడం, కన్మాయిలో చేపలు పట్టి చూపించడం అని అచ్చు వేయించాను. అచ్చయ్యాక వెళ్ళి చూస్తే కన్మాయిలో తూము దగ్గర గుంటలో మాత్రమే నీళ్ళు మిగిలాయి. అందులో వేలెడంత పొడుగు చేపపిల్లలు తప్ప ఏమీ లేవు.

"దీనికి ఏంటికి అంత దిగులు పడతావు బావా? డ్యామ్ పక్కన పెంపకం చేస్తా ఉండారు గదా, నాలుగు డ్రమ్ముల్లో తెచ్చి వదిలిపెట్టు. అధికారికి ఏమి తెలుస్తాది?" అన్నాడు ఊరి పెద్ద.

"ఊరికి తెలుస్తాది గదా."

"ఊరికి చెప్తే గదా తెలిసేది. సుమ్మా, ఊరికే, ఫోటోకి. మన వాళ్ళు నలుగురు దిగి పట్టి చూపిస్తారు, మధ్యాహ్నం అధికారికి అదే కొళంబు. అయిపోయె."

నేను ఒప్పుకున్నాను. అధికారి అంటే భయం కాదు, ఆశ కాదు. అచ్చయిన కాగితంలో ఉన్నది జరగకపోతే నాకు తోచదు. పార్సెల్ ఆఫీసులో నలభై ఏళ్ళు అలాగే గడిపాను. తెల్లవారుతుండగా డ్రమ్ముల బండి వచ్చింది. గట్టు కింద నుంచి గుంటలోకి చేపలను వదిలింది నేనూ, బావా, బండి మనిషీ. కట్లాలు, జిలేబి చేపలు. నీళ్ళలో పడగానే అవి ఎక్కడున్నామో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయాయి.

నేను లెక్కలోకి తీసుకోనిది అక్కను.

దీపం వెలిగించడం అయ్యాక గట్టు మీదికి బయల్దేరే సమయానికి ఆమె వచ్చింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని ఉంది. ఎవరినీ అడగకుండా గదిలోకి వెళ్ళి గోడ మీది ఊత్తా తీసుకుంది.

"అక్కా, ఇది సుమ్మా ఫోటోకి..." అన్నాను.

"ఫోటోకి అయితే ముసలిది దిగకూడదా? నువ్వే గదరా పత్రికలో వేయిస్తివి, కన్మాయిలో చేపలు పట్టేదని. చదివి చెప్పిరి నాకు."

బావ తువ్వాలు ఊపాడు. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. దిగాల్సిన నలుగురితోపాటు అక్క కూడా దిగింది. ఆమె బురదలో పడకూడదని మాత్రమే నేను గట్టు మీద నిలబడి కోరుకున్నాను. ఆమె పడలేదు. పరుగెత్తే మగవాళ్ళను వదిలేసి, ఓరగా, నెమ్మదిగా నడిచింది. ఒకచోట ఆగింది. ఊత్తా దించింది. బద్దలు అదిరాయి. చెయ్యి లోపలికి పెట్టి, చెంప నీళ్ళకు తగిలేదాకా వంగి, మొప్పల్లో వేళ్ళు దూర్చి పైకి లేపింది. మోచెయ్యంత కట్లా. ఫోటో తీసే అబ్బాయి అరిచాడు. ఊరంతా అరిచింది. నేను కూడా అరిచానేమో.

గట్టెక్కి వస్తూ అక్క నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "గుత్త వాళ్ళ వలకు చిక్కకుండా ఇన్నాళ్ళు ఎట్ల మిగిలెరా ఇది? నా కోసరమే దాక్కుని ఉండినట్ల ఉండాది, పావం."

అప్పుడే చెప్పవలసింది. చుట్టూ మనుషులున్నారు. పక్కకు పిలిచి చెప్పవచ్చు కదా అంటే, చెప్పవచ్చు. నేను తువ్వాలు తెచ్చిచ్చాను, తల తుడుచుకోమని.

ఆమె తడిచీరతోనే నడిచింది. తన ఇంటి వైపు కాదు, ఎదురింటి వైపు. వెనక నేను. చిన్నకోడలు వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"పిల్లా, చట్టి తే" అంది అక్క.

ఆమె ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది.

"ఆ ఏడు ఇయ్యలేదు నేను. నా తప్పే. ఇది ఆయన పంగు. చట్టి తే, జారిపోతా ఉండాది."

చిన్నకోడలు చేపను చూసింది. "మన కన్మాయిదా ఇది?"

"పిన్న, ఇంకేమి? నా చేత్తో, నా ఊత్తాతో పట్టితిని. నమ్మకపోతే ఇదో నిలబడి ఉండాడే నా తమ్ముడు, వాణ్ణి అడుగు. వాడు అబద్ధం రాసేవాడూ కాదు, చెప్పేవాడూ కాదు."

చిన్నకోడలు నన్ను అన్నా అంటుంది. "అవునా అన్నా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను.

ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. పక్కనుంచి ఎవరూ నన్ను తొయ్యలేదు. బావ కూడా అక్కడ లేడు. ఇద్దరు ముసలివాళ్ళు నా నోటి వైపు చూశారు, నేను పలికాను. చిన్నకోడలు లోపలికి వెళ్ళి మట్టిచట్టి తెచ్చింది. చేపను అందులో పెట్టాక అక్క అరుగు మీద కూలబడింది. మోకాళ్ళ నిండా బురద. చిన్నకోడలు తన కొంగుతో వాటిని తుడిచి, "ఈ వయసులో దిగాల్నా నువ్వు? బుద్ధి ఉండాదా?" అని తిట్టింది. ఆ తిట్టుకు అక్క ఏడ్చింది.

ఆ రాత్రి డైరీలో ఎండ, వచ్చినవాళ్ళు, మైకు పనిచెయ్యకపోవడం అన్నీ రాశాను. ఎదురింటి వాకిట్లో జరిగింది రాయలేదు. అబద్ధం రాసేవాడు కాదు అని అక్క అంది కదా. అది నిలబెట్టుకోవడానికి ఆ ఒక్కటీ వదిలేశాను.

తర్వాతి రోజుల్లో వాళ్ళిద్దరూ నాకు కనిపించకుండా ఉంటే బాగుండేది. కానీ మ్యూజియంలో ఫ్యాను ఉంది. మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసి వచ్చి బెంచీ మీద కూర్చునేవారు, వక్కాకు నమిలేవారు. వచ్చినవాళ్ళకు అక్క ఊత్తా చూపించేది, చిన్నకోడలు ఫోటో చూపించేది. ఆ ఫోటో నేనే పెద్దది చేయించి గోడకు పెట్టాను. అక్క చేపను ఎత్తి పట్టుకుని, పళ్ళులేని నోటితో నవ్వుతోంది. కింద అట్టముక్క: మా కన్మాయిలో దొరికిన కట్లా. తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో మూడుసార్లు రాశాను. అదేదో మూడుసార్లు రాస్తే నిజమవుతుందన్నట్టు.

రెండు నెలలు తిరిగాక, ఆడిలో ఒక ఆదివారం ఒక మనిషి భార్యాపిల్లలతో బస్సు దిగి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు కాబట్టి నేను వెంటనే గుర్తుపట్టలేదు. డ్రమ్ముల బండి మనిషి. పాపం, అతను ఏ చెడూ తలచి రాలేదు. తాను తెచ్చిన చేపలు మ్యూజియం ప్రారంభోత్సవానికి వెళ్ళాయని ఇంట్లో చెప్పుకున్నాడు, చూపించడానికి తీసుకొచ్చాడు. ఫోటో ముందు నిలబడి పిల్లల్ని ఎత్తుకుని, తమిళంలో గర్వంగా చెప్పాడు, "ఇదే. మన పెంపకం చెరువులో పెరిగిన కట్లా ఇదే. తెల్లారి నేనూ ఈ అయ్యా కలిసి గుంటలో వదిలాం." నా వైపు తిరిగి నమస్కారం పెట్టాడు.

ఫ్యాను తిరుగుతోంది. బెంచీ మీద ఇద్దరూ వక్కాకు నమలడం ఆపారు.

వాళ్ళు మిగతా గది కూడా చూశారు. నేను రిజిస్టరులో అతని చేత సంతకం కూడా పెట్టించాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

వాళ్ళు వెళ్ళాక మొదట చిన్నకోడలు మాట్లాడింది. గొంతు పెంచలేదు. "నేను కొళంబు చేసి, ముందర ఆయన పటం దగ్గర పెడితినే అన్నా. నీ పంగు వచ్చె, ఆలస్యమయినా వచ్చె, తిను అని చెప్పితినే."

నేను రిజిస్టరు మూశాను.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. "నాకొక మాట చెప్పి ఉంటే దిగే ఉండను గదరా" అంది. "నువ్వు అబద్ధం చెప్పితివి, అది నీది. నన్ను ఏంటికి చెప్పనిస్తివి? నా చేత్తో పట్టితిని, మన కన్మాయిది అని ఆమె వాకిట్లో నిలబడి నేను చెప్పితిని గదా."

ఆ తర్వాత తోటికోడలి వైపు తిరిగింది. "పంగు ఇంకా ఇయ్యలేదు పిల్లా నేను. ఇస్తాను. ఉండాది."

"నువ్వు ఇంకోసారి దిగితే నేనే కాళ్ళు విరగ్గొడతాను" అంది చిన్నకోడలు. లేచి అక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ విడిపోతారని నేను భయపడ్డాను. విడిపోలేదు. మ్యూజియానికి రావడం మాత్రం మానేశారు. ఆ ఉక్కపోతలోనూ చిన్నకోడలి అరుగు మీద, విసనకర్రలతో.

ఫోటో కింది అట్టముక్క మార్చాలని ఆ సాయంత్రమే కూర్చున్నాను. తమిళ వరస, ఇంగ్లీషు వరస అలాగే ఉంచి, తెలుగు వరస మీద కొత్త కాగితం అంటించి రాశాను: ఈ చేప కన్మాయిది కాదు, కొని తెచ్చి వదిలినది. రాశాక గుండె బరువు దిగినట్టు కూడా అనిపించింది. నిజం రాశాను, గోడ మీద పెట్టాను. ఎవరైనా చదువుకోవచ్చు.

రెండు మూడు వారాల తర్వాత అక్క ఒక్కతే వచ్చింది, ఊత్తాకు పురుగు పట్టిందేమో చూడ్డానికి. కొత్త కాగితం అంటించిన జాడ ఆమె కంట పడింది. "ఏమి రాస్తివి?" అంది. చదివి వినిపించాను.

"ఇది ఏ ఎళుత్తు?"

"తెలుగు."

"మన ఊళ్ళో ఎవరు చదువుతారు దీన్ని?"

నేను కాగితం అంచును వేలితో అదిమాను.

అక్క అట్టముక్క మీద వేలు పెట్టింది. "తమిళంలో రాయి" అంది.

ఆమె ఎదురుగానే రాశాను. పెద్ద అక్షరాలతో రాయమంది, రాశాను. కొన్నవాళ్ళ పేరు కూడా రాయమంటుందేమోనని ఆగాను. అనలేదు. కింద నా పేరు నేనే రాశాను. వారం తిరక్కముందే ఊరందరికీ తెలిసింది. బావ నాతో మాట్లాడటం తగ్గించాడు. టీ కొట్టు దగ్గర ఎవరో, "ఏమి సెక్రెటరీ, డ్యామ్ చేప ఎట్ల ఉండె?" అని అడిగారు. బాగుండె అన్నాను. నవ్వారు. ఇప్పటికీ అక్కడ టీ తాగేటప్పుడు గ్లాసు వైపే చూస్తాను.

ఐప్పసి నెలలో వానలు బాగా పడ్డాయి. కన్మాయి గట్టు అంచుదాకా నిండింది. ఈ ఏడు చేపలు గుత్తకు ఇవ్వకూడదని ఊరు కూర్చుని తీర్మానించింది. చేపపిల్లల్ని పట్టపగలు, అందరి ఎదుటా వదిలారు. నన్నెవరూ పిలవలేదు. గట్టు మీద తుమ్మచెట్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

మర్నాడు అక్క కబురు పంపింది, ఊత్తా తీసుకుని రమ్మని. మ్యూజియం నుంచి తీసుకెళ్ళేటప్పుడు గోడ మీద దాని ఆకారం తెల్లగా కనిపించింది. అక్క వాకిట్లో చిన్నకోడలు కూడా ఉంది.

"వచ్చే వైకాసికి కన్మాయిలో నీళ్ళు తగ్గితే" అంది అక్క, "నేను దిగను. నా కాళ్ళు నిలవవు. నువ్వు దిగాల."

"నేనా?"

"పిన్న ఎవరు? పెద్దింటి పంగు అది. నా బదులు నువ్వు పట్టి ఆమె చట్టిలో వెయ్యాల. ఎంత చిన్నదయినా సరే, కన్మాయిది కావాల."

"నాకు చేతకాదు అక్కా. నేనెప్పుడూ..."

"తెలుసు, గట్టు మీద ఉంటివి. అందుకే ఇప్పుడే పిలిస్తిని. ఇంకా నెలలుండాయి. దించు, చూస్తాము."

వాకిట్లో కోడిపిల్లలున్నాయి. వాటిలో ఒకదాని మీద ఊత్తా దించాను. అది ఎప్పుడో వెళ్ళిపోయింది. మళ్ళీ దించాను. నడుము పట్టేసింది. లేచి నిలబడేసరికి చిన్నకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నాతో ఆమె మాట్లాడి అప్పటికి మూడు నెలలు.

"చూసి కాదు అన్నా" అంది. "అది పోయే చోట దించాల, ఉండే చోట కాదు."

మళ్ళీ దించాను. ఈసారి లోపల ఏదో కొట్టుకుంది, బద్దలు అదిరాయి. చెయ్యి పెట్టబోతే అక్క అరిచింది.

"మెల్లగారా! అది నా కోడిపిల్ల."